పేరు ఉమ్మడి, ఉండేది అందరి ఫోల్డర్‌లో

"అన్నీ తీసుకెళ్ళి ఒక్కదాంట్లోనే పెట్టేస్తే, ఆ ఒక్కటీ పోయిన రోజున నేనేటి చెయ్యాలి బంగారన్నా?"

నేనింకా పుట్టకముందే నా గురించి పైకి అనేసిన దిగులు ఇది. అన్నది తబిత. విజయనగరంలో ఒక రక్తనిధిలో ఫోన్లు తీసి, ఏ గ్రూపు రక్తం ఎన్ని సంచులుందో చెప్పే అమ్మాయి. ఆమెకు చూపు లేదు. కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని స్క్రీన్ రీడర్ చదివి చెవిలో చెబుతుంది, ఆమె ఫోన్లో చెబుతుంది. బంగారునాయుడు ఆ స్క్రీన్ రీడర్‌కు బుద్ధులు నేర్పేవాడు. ఆ బుద్ధులనే స్క్రిప్టులంటారు. ఆయనకూ చూపు లేదు. "పోదులే తల్లీ" అని ఆయన నవ్వేశాడు. నేనైతే నవ్వను. పోదని ఎవరికి తెలుసు?

నేను ఒక లైబ్రరీ ఫైలును. బీరువాలూ పుస్తకాలూ ఊహించుకోకండి, నాలో ఉన్నవి నాలుగే నాలుగు పనులు. నేను రాకముందు నిల్వల స్క్రిప్టులోనూ, దాతల స్క్రిప్టులోనూ, శిబిరాల స్క్రిప్టులోనూ ఒకే సంగతి విడివిడిగా రాసి ఉండేది: పట్టికలో ఫలానా వరుసకు వెళ్ళు, ఫలానా గడిలో అంకె చదువు. ఒకచోట తప్పు దిద్దితే మిగతా రెండుచోట్లా దిద్దడం మరిచిపోయేవాడు నాయుడు. విసిగిపోయి, ఆ పనులన్నీ ఏరి నాలో పెట్టాడు. ఉమ్మడి అని పేరు పెట్టి, అందరి ఫోల్డర్‌లో కూర్చోబెట్టాడు. ప్రతి స్క్రిప్టు నెత్తిన 'ఉమ్మడిని వాడుకో' అని ఒక్క వాక్యం రాశాడు. అంతే. ఇక ఆ ముగ్గురికీ ఏం కావలసినా నన్నే పిలుస్తారు. పని జరిగితే నా ఊసెత్తరు. వంటింట్లో మనిషి సంగతి మీకు తెలియనిదా.

నాకు మాత్రం క్షణం స్థిమితం ఉండేది కాదు. చిన్న ఫైలును కదా, చెత్త అనుకుని ఎవరైనా తుడిచేస్తే? పేరు మారిస్తే? పక్క ఫోల్డర్‌లోకి జరిపితే నా పిల్లల్లాంటి ఆ మూడు స్క్రిప్టులూ నన్ను ఎక్కడని వెతుకుతాయి? కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ముందు నన్ను నేను తడుముకునేదాన్ని.

ఇన్నిటికి భయపడ్డానా, అసలు జరగబోయేది ఒక్కటీ నా భయాల్లో లేదు.

రక్తనిధి సాఫ్ట్‌వేర్‌ను కొత్తది చేశారు. పట్టికలో 'అందుబాటు' గడికి ముందు 'రిజర్వు' అని ఇంకో గడి దూర్చారు. నేను గడులను లెక్కపెట్టి చదివేదాన్ని. అందువల్ల ఎవరికో అట్టిపెట్టిన సంచులను ఉన్నవిగా చదివాననే నేనూ అనుకున్నాను. తబిత నన్ను నమ్మి, ఓ నెగెటివ్ ఆరు ఉన్నాయని సాలూరు నుంచి ఫోన్ చేసినాయనకు చెప్పింది. భార్య ఆపరేషన్ కోసం ఆయన పరుగున వచ్చాడు. ముందే చెప్పేస్తున్నాను, ఆమెకేమీ కాలేదు. ఎవరికీ అట్టిపెట్టని రెండు సంచులు ఉంటే ఇచ్చి పంపారు. మీరు కంగారు పడకండి, ఆ పని నాది.

మేనేజర్ సన్యాసిరాజు గారు మాత్రం తబితను పిలిపించి, సోమవారం దాకా చూస్తానన్నారు. అప్పటికీ సరిగ్గా చదవకపోతే ఫోన్ల దగ్గర వేరే మనిషి కూర్చుంటుంది, తబిత దాతలకు బిస్కెట్లూ పళ్ళరసమూ ఇచ్చే బల్ల దగ్గరికి వెళ్తుంది. బిస్కెట్లు ఇవ్వడం తప్పు పని కాదు. కానీ ఫోన్లో గొంతు విని, అవతలి మనిషిని కుదుటపరిచి, వివరం రాబట్టడం ఆ అమ్మాయికి వచ్చినట్టు అక్కడ ఇంకెవరికీ రాదు.

సోమవారం పొద్దున్నే నాయుడు వచ్చాడు. నన్ను తెరిచి, గడులు లెక్కపెట్టడం మాన్పించి, పైనున్న పేరు చూసి చదవడం నేర్పాడు. ఒక్క నన్ను దిద్దితే ముగ్గురూ దిద్దుకున్నట్టే. గర్వపడ్డాను కూడా. తబిత నిల్వలు చదివించే మీట నొక్కింది.

"ఓ నెగెటివ్, ఆరు."

మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఆరే. నాయుడు నన్ను అక్షరం అక్షరం విన్నాడు. తప్పేమీ లేదు. వెనక సన్యాసిరాజు గారి చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది. నాకైతే తబిత బిస్కెట్ల పొట్లాలు విప్పుతున్నట్టే అనిపించింది.

అప్పుడు నాయుడు నా మొదటి వరుసలో 'ఉమ్మడిని వచ్చాను' అని పలికే మాట ఒకటి పెట్టాడు. తబిత నొక్కింది. ఆ మాట వినిపించలేదు. ఆరు మాత్రం వినిపించింది.

"పలుకుతున్నది మనది కాదు తల్లీ" అన్నాడు నాయుడు.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నా పిల్లలకు నా బదులు ఎవరు వండిపెడుతున్నట్టు?

స్క్రీన్ రీడర్‌కు ఒక అలవాటు ఉంది. ఏ ఫైలు కావాలన్నా ముందు మనిషి సొంత ఫోల్డర్‌లో చూస్తుంది, అక్కడ లేకపోతేనే అందరి ఫోల్డర్‌కు వస్తుంది. నాయుడు తబిత సొంత ఫోల్డర్ తెరిచాడు. అక్కడ ఇంకో ఉమ్మడి ఉంది. పాత నేనే. నాలాంటిదే, పాపం, గడులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. దాన్ని అక్కడి నుంచి తీసేశాక తబిత నొక్కింది.

"ఉమ్మడిని వచ్చాను. ఓ నెగెటివ్, అందుబాటులో నాలుగు, రిజర్వు ఆరు."

తబిత కుర్చీలో వెనక్కి వాలింది. నాయుడు తల తిప్పకుండానే అడిగాడు, "ఈ నకలు ఇక్కడెవరు పెట్టారు?"

పక్క సీటు అమ్మాయి కుర్చీ కదలడం ఆగింది. బల్ల మీద ఫోన్ మోగసాగింది. తీయవచ్చో లేదో తెలియక తబిత చెయ్యి రిసీవర్ మీదే ఉండిపోయింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"నేనే" అన్నారు సన్యాసిరాజు గారు. "సాఫ్ట్‌వేర్ మార్చే ముందు రోజు పెట్టాను. ఆ ఒక్కటీ పోతే ఈ పిల్లకి నోరు పడిపోతాదేమోనని, ఎందుకైనా మంచిదని... ఫోన్ తియ్యమ్మా తబితా, ఎవరికి ఏటి అవసరమో."