ఈ ఏడాది రాని పిట్టలు

చలి తగ్గిపోయింది. పొద్దున్నే పెరటి గోడ మీదికి ఎండ వస్తోంది. దానిమ్మ చిగుళ్లు కూడా వేసింది. పిట్టలే రాలేదు.

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. ముందుగదే నా షాపు. ముప్ఫై ఏళ్లుగా వంగి వంగి నడుం పడిపోయింది. ఈమధ్య లేవగానే మళ్లీ పడుకోవాలనిపిస్తోంది. పనిలో కూర్చునే ముందు పెరట్లో టీ తాగుతూ పిగిలిపిట్టల కూతలు వినడం ఒక్కటే నాకున్న సుఖం. ఏటా చలి తగ్గగానే చెవులు చిల్లులు పడేలా కూస్తాయి. ఈసారి అలికిడే లేదు. ప్రతివాడూ చెట్లు కొట్టేసి సిమెంటు పోయిస్తుంటే పాపం ఎక్కడ బతుకుతాయని విసుక్కున్నాను.

మా ఆవిడ అది విని, గోడ మీది గిన్నెలో నీళ్లు మార్చి లోపలికి వెళ్లిపోయింది.

ఆ నెలలో బాగుచేసిన మిషన్లు రెండు తిరిగొచ్చాయి. నా చేతిలో అలా ఎన్నడూ జరగలేదు. చక్రం ఒక్క తిప్పు తిప్పితే చాలు, చప్పుడును బట్టి విప్పకుండానే జబ్బు చెప్పేసేవాణ్ని. ఆ పేరు మీదే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఆ పేరు కాస్తా పోతే ఈ వయసులో నాకు పనిచ్చేవాడెవడు? అందుకే విడిభాగాలు చేసేవాళ్లందరినీ తిట్టిపోశాను. సందు చివరి టైలరు కూడా తన మిషను మళ్లీ తెచ్చి, కుడుతుంటే ఇంకా మోత వస్తోందన్నాడు. నాకేం వినబడటం లేదన్నాను. రేపు పదింటికల్లా బాగుకాకపోతే ఇంకొకరికి ఇచ్చుకుంటానని వెళ్లిపోయాడు.

మర్నాడు టీ గ్లాసుతో పెరట్లోకి వెళ్లాను. దానిమ్మ కొమ్మ మీద, చేతికందేంత దగ్గర్లో, పిగిలిపిట్ట కూర్చుని ఉంది. హమ్మయ్య, వచ్చింది అనుకున్నాను. దాని నెత్తి మీద కుచ్చు నిక్కింది. గొంతు ఉబ్బింది. ముక్కు తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. నాకేమీ వినబడలేదు.

మెట్టు మీద కూలబడ్డాను. దాచుకోవడమెందుకు, చాలా భయమేసింది.

మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇవి వచ్చి ఎన్నాళ్లయింది?" అనడిగాను.

"ఇరవై రోజుల పైనే."

"మరి చెప్పలేదేం?"

"మీ అంతట మీకు తెలిస్తే బాగుండుననుకున్నా. చలి మొదలైనప్పట్నుంచీ నేను అరిచే మాట్లాడుతున్నానండీ. రోజూ మొగుణ్ణి సాధిస్తున్నానని పక్కింటావిడ నన్ను పలకరించడం మానేసింది."

నాకు మాత్రం ఆవిడ మామూలుగానే మాట్లాడుతున్నట్టుండేది.

డాక్టరుకు చూపించుకుందామంది. సరేనన్నాను. ముందు టైలరు పని చూడాలి కదా. ఆవిణ్ణి షాపులోకి తీసుకెళ్లి మిషను పక్కన స్టూలు వేశాను. ఇన్నేళ్లలో ఆవిడ ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. అంతలో టైలరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

చక్రం తిప్పాను. చప్పుడెలా ఉందని అడిగాను.

ఆవిడ అతని వంక చూసి గొంతు తగ్గించింది. పెదవులు కదిలాయి, మాట అందలేదు.

"గట్టిగా చెప్పవే, నాకు వినబడదు" అన్నాను, టైలరు ముందే.

"అడుగున కిర్రుమంటోంది" అంది, వీధి మొత్తానికీ వినబడేలా.

మిషను అడుగునుండే షటిల్ విప్పడం మొదలుపెట్టాను.