ఎల్-వన్ టైర్లు

కొందరు మగవాళ్లు ఆఫీసును ఆఫీసులోనే వదిలేసి ఇంటికి వస్తారు. సునీల్‌కుమార్ అట్లా కాదు, నెత్తిన పెట్టుకుని వస్తాడు. పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో పర్చేజ్ ఆఫీసరతను. అక్కడ ఏది కొనాలన్నా మూడు కొటేషన్లు తెప్పించాలి. అందరికంటే తక్కువ రేటు వేసినవాణ్ణి ఎల్-వన్ అంటారు, ఆర్డరు వాడికే. డ్రమ్ములైనా అంతే, చీపుర్లైనా అంతే. కంపెనీలో అది రూలు కావచ్చు. ఇంట్లో కూడా అదే రూలైతే కట్టుకున్నది ఏమైపోవాలి?

పెళ్లైన కొత్తలో రేఖకు ఇది ముచ్చటగానే ఉండేది. మిక్సీ కోసం మూడు షాపులు తిరిగేవాడు, కర్టెన్ల కోసం మూడు షాపులు తిరిగేవాడు. "రేఖా, ఎల్-వన్ దొరికింది" అంటూ లాటరీ తగిలినవాడిలా వచ్చేవాడు. మిక్సీ ఏడాది తిరక్కుండా కాలిపోయింది. కర్టెన్లు ఒక్క ఉతుక్కే రంగు దిగిపోయాయి. పోనీలే అనుకుంది. మిక్సీ కాలితే చట్నీ ఆగుతుంది, ప్రాణం ఆగదు కదా.

టైర్ల దగ్గర మాత్రం పోనీలే అనుకోవడం ఆమెవల్ల కాలేదు.

కారు సునీల్ పేరు మీద ఉన్నా నడిపేది రేఖే. అతనికి కంపెనీ బస్సు వాళ్లుండే ఇంద్రేశం దాకా వస్తుంది. రేఖ సంగారెడ్డిలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. కూతురు మన్విత బడి కూడా అటువైపే. రోజూ పొద్దున తల్లీకూతుళ్లిద్దరూ ముంబై హైవే ఎక్కుతారు. ముందు ట్యాంకరు, వెనక ట్రైలరు, పక్కన షిఫ్టు టైం దాటిపోతోందని గుడ్డిగా దూసుకొచ్చే బస్సులు. పాత టైర్లు అరిగి గుండైపోయాయని, మంచి కంపెనీవి వేయించమని రేఖే చెప్పింది. సునీల్ మూడు షాపులు తిరిగి, ఎవరూ ఎన్నడూ పేరు వినని టైర్లు నాలుగు వేయించుకొచ్చాడు.

"ఎట్ల మెరుస్తున్నయో సూడు. కంపెనీ టైర్ల రేటుల సగానికే వచ్చినయ్," అన్నాడు.

"సగానికే ఇచ్చిండంటే అండ్ల ఏదో ఒకటి సగమే ఉంటది గద."

"పేరుకు పైసలు గుంజుతరు రేఖా. రబ్బరు రబ్బరే."

అత్త ఆగమ్మ గడప దగ్గర కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కొడుకు మాటంటే ఆమెకు వేదవాక్కు. "వాడు సదువుకున్నోడు బిడ్డా. ఊకెనే కొంటడా," అంది.

నిజం చెప్పొద్దూ, ఎండలున్నన్నాళ్లు ఆ టైర్లు బాగానే తిరిగాయి. కొంచెం మోత ఎక్కువ, అంతే. సునీల్ మీసం మెలేసి తిరిగాడు. "ఏమన్న అయిందా? ఉత్తగ లొల్లి వెట్టినవ్," అని వారానికోసారి గుర్తు చేసేవాడు. చివరికి రేఖ కూడా తనది వట్టి అనుమానమేమో అనుకుంది.

తొలకరి పడ్డ రోజున తేలిపోయింది. ఇస్నాపూర్ దాటాక ముందు పోతున్న డీసీఎం వ్యాను ఉన్నట్టుండి ఆగింది. రేఖ బ్రేకు తొక్కింది. కారు ఆగలేదు. సబ్బు నీళ్లు పోసిన బండ మీద కాలు జారినట్టు జారుకుంటూ పోయింది. రేఖ స్టీరింగు ఎడమకు తిప్పేసింది. కారు రోడ్డు దిగి బురదలో కూరుకుని ఆగింది. వెనకే వస్తున్న ట్యాంకరు హారను మోగిస్తూ పక్కనుంచి రాసుకున్నంత దగ్గరగా వెళ్లిపోయింది.

వెనక సీట్లో మన్విత ఏడుపు. మూతి ముందు సీటుకు కొట్టుకుని పెదవి చిట్లింది. తెల్ల యూనిఫాం మీద రక్తం కారుతోంది. రేఖ పిల్లను ఒళ్లోకి లాక్కుని చున్నీతో పెదవి అదిమిపట్టింది. ఆమెకు ఒళ్లంతా మండింది. రబ్బరు రబ్బరేనట. వాడి రబ్బరు తగలెయ్య.

సాయంత్రం సునీల్ వచ్చి పిల్ల మూతి చూశాడు, అయ్యో అన్నాడు. బయటికెళ్లి సొట్టపడ్డ బంపరు చూశాడు, ఇంకోసారి అయ్యో అన్నాడు. ఆ తర్వాత పాఠం మొదలుపెట్టాడు.

"ముందటి బండికి గ్యాప్ ఇయ్యాలె రేఖా. బ్రేకు ఎప్పుడు కొట్టాల్నో నీకు తెల్వది."

"గ్యాప్ ఉండె. పాత టైర్లు గుండున్నప్పుడు గూడ గింత జారలే."

"వానల ఏ టైరన్న జారుతది. నడిపేటోళ్లను బట్టి ఉంటది."

అంతటితో ఊరుకున్నా బాగుండేది. అక్కకు ఫోన్ చేసి, "మా రేఖకు జెర డ్రైవింగ్ సరిగ రాదు" అన్నాడు. కంపెనీ బస్సులో దోస్తులకూ అదే చెప్పాడు. కారుకు దిష్టి తగిలిందని ఆగమ్మ బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. ఎవరికి తోచింది వాళ్లు చేశారు గానీ, టైరు సంగతి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

రేఖే పటాన్‌చెరులో ఆ టైర్ల షాపుకు వెళ్లింది. షాపు నడిపే ప్రవీణ్ నెత్తి గోక్కున్నాడు. "కాలనీల తిరిగే బండికైతే నడుస్తయ్ మేడం. రోజు హైవే అంటే నేనే వేరేటియి సూపెట్టిన. సారే వద్దన్నడు."

"సరే, ఇప్పుడు మార్చు. నెలనెల కడ్త."

మార్చకుండా ఆ మహానుభావుడు సునీల్‌కు ఫోన్ కొట్టాడు. ఆమె జీతం పడగానే ఇంటి లోనుకు పోతుందని, చేతిలో మిగిలేది అంతంతమాత్రమని సునీల్‌కు తెలియంది కాదు. "ఏం మార్చకు, పంపియ్" అన్న మాట ఫోన్లోంచి రేఖకు కూడా వినపడింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. రోజూ చక్రం పట్టేది తను, కానీ ఆ చక్రం కింద ఏముండాలో చెప్పే హక్కు మాత్రం తనకు లేదు.

ఆ రోజు నుంచి వాన పడితే చాలు, హైవే అంచున నత్తలా నడిపేది. వెనకున్న ప్రతివాడూ హారను కొట్టేవాడు, పక్కకొచ్చి తిట్టేవాడు. మన్విత కళ్లు మూసుకుని సీటు గట్టిగా పట్టుకుని కూచునేది. ఎనిమిదేళ్ల పిల్ల బడికి అట్లా పోవడం చూస్తే కన్నతల్లికి కడుపు రగలదా?

ఒక ఆదివారం పొద్దున వాన దంచికొడుతోంది. సంగారెడ్డిలో కంపెనీకి సరుకు వేసే ఒకాయన గృహప్రవేశం. దానికి సునీల్, అతని జీఎం సూర్యప్రకాశరావు కలిసి వెళ్లాలి. రేఖ వంటింట్లో పూరీలు వేస్తోంది. సునీల్ హాల్లో చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

"సునీలూ, మా కారు సర్వీసుకిచ్చామయ్యా. మీ కార్లో వెళ్లిపోదామా?" అంది జీఎం గొంతు.

"వద్దు సార్, క్యాబ్ బుక్ చేసిన. వాన బాగ పడ్తుంది కద సార్. మా బండికి టైర్లు జెర లోకల్‌వి. మిమ్మల్ని ఎక్కించుకొని హైవే మీద రిస్కు ఎందుకు సార్."

రేఖ స్టవ్ కట్టేసింది. చేతిలో జల్లిగరిటెతోనే హాల్లోకి వచ్చింది.

"ఏమన్నవ్ సార్‌తోని?"

సునీల్ ఫోన్ కట్ చేశాడు. "పెద్ద మనిషి రేఖా. తొవ్వల ఏమన్న అయితే నా నౌకరికే మోసమొస్తది."

"మాకేమన్న అయితే దేనికి మోసమొస్తది?"

"గట్ల గాదు, నువ్వైతే నిదానంగ..."

"నువ్వు మాట్లాడకు. రబ్బరు రబ్బరే అంటివి. నాకు డ్రైవింగ్ రాదని ఊరంతా టాంటాం చేస్తివి. నీ బిడ్డ మూతి పలిగినా గవే టైర్ల మీద పంపితివి. నీ సార్ ఒక్కపూట ఎక్కుతనంటే ఇప్పుడు లోకల్ టైర్లయినయా? గా సార్‌కున్న పానమే మాకు లేదా?"

సునీల్ తల్లివైపు చూశాడు. ఇట్లాంటప్పుడు ఆమె ఎప్పుడూ కొడుకు పక్షమే. ఆగమ్మ సోఫాలోంచి లేచింది. కొంగు తలమీదికి లాక్కుంది. వానలోకి నడిచి, కారు వెనక తలుపు తెరిచి లోపల కూచుంది.

"అమ్మా, ఏడికి?" సునీల్ గొడుగు తీసుకుని వెనకాలే పరిగెత్తాడు.

"సంగారెడ్డికి. నన్ను గూడ ఒకపారి తిప్పుకొనిరా కొడుకా. మంచి టైర్లే గద."

రేఖ తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టింది. "పో, నడుపు. నీకు డ్రైవింగ్ మంచిగ వచ్చు గద."

సునీల్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అతను ముందు తలుపు తెరవలేదు. వెనక తలుపే తెరిచాడు.

"దిగమ్మా. గీ వానల వద్దు. దిగమంటున్న గద."

రేఖ అది విన్నది. అయినా ఆమె అరవలేదు.

"దిగు అనే మాట నీకు వస్తదన్నట్టు. పిల్ల మూతి పలిగిన తెల్లారి గూడ గిట్లనే వాన కొట్టింది. నీ బిడ్డకెందుకు అనలే గా మాట?"

క్యాబ్ వచ్చి గేటు ముందు ఆగి హారను కొట్టింది.

"రేపే మార్పిస్త అమ్మా," అన్నాడు తల్లితో. "మంచి కంపెనీయే ఏపిస్త. నువ్వైతే దిగు."

"చెప్పాల్సింది నాకు గాదు. గామెకు చెప్పు," అంది ఆగమ్మ.

సునీల్ రేఖవైపు తిరిగాడు. నోరు తెరిచాడు. క్యాబ్ ఇంకోసారి హారను కొట్టింది. జీఎం దగ్గర్నుంచి ఫోన్ మోగింది.

"సార్ ఎదురు సూస్తుండొచ్చు. వచ్చినంక మాట్లాడుదం," అని గొడుగు ముడుచుకుని క్యాబ్ ఎక్కి వెళ్లిపోయాడు.

టైర్లు రేపు మారతాయని రేఖకు తెలుసు. ఎల్-వన్ పక్కన పెట్టి మరీ మారుస్తాడు. తను అడిగితే మారలేదు, షాపుకు పోయి బతిమాలితే మారలేదు, పిల్లకు రక్తం కారితే మారలేదు. తల్లి వెనక సీట్లో అలా కూచుంటే చాలు, మారుతున్నాయి.

"లోపలికి రా అత్తమ్మా, తడిసినవ్," అని చెయ్యి అందించింది. కోపం మాత్రం ఆమెకు ఇసుమంత కూడా తగ్గలేదు.