మూడు భాస్వరాల ఉంగరం

నర్మదకు ఎండాకాలమంటే పండగ. కరీంనగరంతా నెత్తిన తువ్వాల కప్పుకుని ఉసూరుమంటుంటే, నస్పూర్ బొగ్గుగని కార్మికుడి కూతురైన ఈ పిల్ల మాత్రం కాలేజీ ప్రయోగశాలలో కూర్చుని ఎండలెప్పుడు ముదురుతాయా అని ఎదురుచూసేది. ఆమె తయారు చేయాలనుకున్న పదార్థానికి నీటి ఆవిరి పగవాడు మరి. మూడు భాస్వరం పరమాణువులను గొలుసుగా కలపాలి, ఆ గొలుసు కొసలను కర్బనంతో కట్టేసి ఉంగరం చేయాలి, ఆ ఉంగరం మీద ధనావేశం నిలవాలి. గాలిలో కాస్త తడి తగిలిందా, పొగలు కక్కి జిగురైపోతుంది.

వానాకాలం, చలికాలం రెండూ ఆ జిగురు గీకి పారబోయడంతోనే గడిచాయి. ఆమె పరిశోధనకు గైడైన రాజేశ్వర్‌రావు సారు మంచివాడే, కానీ ఆయన ఓపికా అడుగంటింది.

"గీ ఎండకాలంల గూడ రాకపోతే ఇడిసిపెట్టమ్మా. ఎరువుల మీద ఏదన్న సూసుకుందాం," అన్నాడు.

ఎరువులంటే నర్మదకు చిన్నచూపేం లేదు. ఉంగరమంటే ప్రాణం, అంతే.

మే నెల రానే వచ్చింది. రాళ్లు పగిలే ఎండ. అయినా జిగురే! నర్మదకు పిచ్చెక్కినంత పనైంది. గాజుసామాను మళ్లీ కడిగి ఆరబెట్టింది, నైట్రోజన్ గొట్టాలు మార్చింది, తనను తానే తిట్టుకుంది. ఆమె అవస్థ చూడలేక అటెండరు కొమురెల్లి కూలర్‌ను బల్ల దగ్గరికి ఇంకాస్త జరిపాడు. నీళ్లు నింపి, గడ్డి బాగా తడిపి, గాలి ఆమె మీదికే తిప్పాడు.

"జర సల్లగుండు బిడ్డా. పానం వోతే ఆ ఉంగరం ఎవలు వెట్టుకుంటరు?"

నర్మద హాయిగా ఆ గాలికి మొహం పెట్టి పనిలో పడింది. అంత చదివిన పిల్లకు ఆ మాత్రం తట్టలేదా అంటే, తట్టలేదు. మే నెలలో కూలర్ మీద అనుమానపడే మనిషి కరీంనగర్‌లో ఇంకా పుట్టలేదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మందు కలిపే యంత్రం ఆగింది, కూలరూ ఆగింది. ఇదీ పోయిందిలే అనుకుంది నర్మద. అయినా మధ్యలో వదలబుద్ధి కాక గాజుకుప్పెను చేత్తోనే తిప్పుతూ కూర్చుంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. చివరికి నైట్రోజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలో చేతులు దూర్చి వడపోసింది.

తెల్లటి స్ఫటికాలు! పొడిపొడిగా, మిలమిలా మెరుస్తూ! పొగ లేదు, జిగురు లేదు.

"కాకా! ఉరికిరా, సూడు!"

కొమురెల్లి ఉరికొచ్చాడు. సరిగ్గా అప్పుడే కరెంటూ వచ్చింది. కూలర్ బర్రుమని తిరిగింది. తడిగాలి బల్ల మీదికి కొట్టి, సంచి అంచు పైకి లేచింది. స్ఫటికాల మీద సన్నగా పొగ మొదలైంది.

ఇన్నాళ్ల చిక్కు నర్మదకు ఒక్క క్షణంలో విడిపోయింది.

"కూలర్ బంద్ చెయ్ కాకా! బంద్ చెయ్!"

కొమురెల్లి స్విచ్చు కోసం చూడలేదు, ప్లగ్గునే ఊడబెరికాడు. నర్మద గబగబా మిగిలిన స్ఫటికాలను గాజుగొట్టంలోకి ఎత్తి, మూతిని మంటలో కరిగించి మూసేసింది. సగమైనా దక్కాయి.

"నీ కోసమే వెట్టిన బిడ్డా," అన్నాడు కొమురెల్లి, మొహం చిన్నబుచ్చుకుని.

నర్మద అతని రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "నేను గూడ దాని ముంగటనే కూసున్న కద కాకా! ఇప్పుడు తెలిసింది, ఇగ ఫికర్ లేదు!"

అది ఉంగరమో కాదో హైదరాబాద్‌లోని పెద్ద యంత్రం చెప్పాలి. ఒక్కో రకం భాస్వరానికి కాగితం మీద శిఖరంలాంటి ఒక్కో గీత గీస్తుందది. మూడు భాస్వరాలూ కలిసే ఉంటే, నడిమిదానికి ఇద్దరు పొరుగువాళ్లు కాబట్టి దాని గీత మూడుగా చీలుతుంది. పక్కవాటికి నడిమిది ఒక్కటే పొరుగు, వాటి గీత రెండుగా చీలుతుంది. సారు, నర్మద బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి ఆ యంత్రం ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పెన్ను కదిలింది. రెండు శిఖరాలు లేచాయి. ఆ తరువాత ఎంతకీ ఏమీ లేదు. ఇక అయిపోయిందనుకుంది నర్మద. అప్పుడు లేచాయి, ఒకటి, రెండు, మూడు!

"వచ్చినయి సార్! ఉంగరమే సార్!" నర్మద అరుపుకు పక్కగదిలో వాళ్లు తొంగిచూశారు.

రాజేశ్వర్‌రావు సారు కాగితం మీదికి వంగి ఆ శిఖరాలు మళ్లీ లెక్కపెట్టాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అంతలో కిటికీలోంచి పడమటి దిక్కు చూసి ఉలిక్కిపడ్డాడు.

"మబ్బులు వడ్తున్నయి! రెండోసారి గూడ వస్తెనే వచ్చినట్టమ్మా. వానలు వడకముందే ఇంకోసారి జెయ్యాలె. నడువు, నడువు!"

విడిచిపెట్టమన్న మనిషే చెప్పులు టపటపలాడిస్తూ బస్టాండు వైపు పరుగు తీస్తుంటే, నర్మద నవ్వాపుకోలేక ఆయన వెనకాల పరుగెత్తింది.