చివరి కుస్తీ ఎవరిది

నేతగాళ్ళ వాడ జోడ్‌భావి పేట్‌లో అంబాదాస్ ఇంటికీ హర్షద ఇంటికీ మధ్య ఒకటే గోడ. రెండిళ్ళ తండ్రులూ మురళీధర్ సేట్ కార్ఖానాలో టవళ్ళు నేసేవాళ్ళే. రెండిళ్ళ ఆడపిల్లలూ ఒకే వస్తాదు దగ్గర, ఒకే మట్టిలో పొర్లి కుస్తీ నేర్చుకున్నారు. తేడా అల్లా రంగు. హర్షద తెల్లన, అంబాదాస్ కూతురు ఋతుజ నేరేడుపండంత నల్లన.

ఆ తేడా ఎంత పని చేస్తుందో చూడండి. హర్షద గోదాలో దిగి తొడ కొడితే "క్యా స్టైల్!" అని ఈలలు. ఋతుజ అదే తొడ, అదే చేత్తో కొడితే "జూసిన్రా దాని పొగరు" అని మూతి విరుపులు. కార్ఖానా కుర్రాళ్ళు ఫోన్లలో చూసే విదేశీ పోటీల్లోనూ ఇదే వరస. తెల్లవాడు ఎదుటివాణ్ణి బూతులు తిడితే మొనగాడు, నల్లవాడు ఛాతీ విరిస్తే వాడికి మదమెక్కింది! ఋతుజ హర్షదను రెండుసార్లు చిత్తు చేసింది. అయినా పోస్టరు మీద హర్షదే.

కిందటేడు ఎవరో జనంలోంచి "నల్ల పొగరు" అని అరిచారు. ఆ మాట అంబాదాస్ గుండెలో ముల్లులా దిగింది. అరిచినవాణ్ణి ఏమీ అనలేక కూతురి చేత ఒట్టు వేయించుకున్నాడు.

"తొడ కొట్టొద్దు బిడ్డా. గెలువు, దండం పెట్టు, దిగి రా. గంతే."

ఆ పిల్ల తండ్రి మాట జవదాటలేదు. గెలుస్తూనే ఉంది, దండాలు పెడుతూనే ఉంది, జనం మరిచిపోతూనే ఉన్నారు.

ఈ యేడూ జాతర కుస్తీ పోటీల రోజు వచ్చింది. కుస్తీ మైదానంలో ఆఖరున జరిగే జోడీకే గౌరవమంతా, అందులో గెలిచినవాళ్ళకే బహుమతి గద. అది హర్షదకూ, కొల్హాపూర్ నుంచి వచ్చిన పిల్లకూ రాసిపెట్టారు. ఋతుజకు జనం భోజనాలకు లేచిపోయిన వేళ ఒక చిన్న కుస్తీ పడేశారు. అందులో గెలిచి, ఖాళీ మెట్లకు దండం పెట్టి దిగింది. పైగా మురళీధర్ సేట్ హర్షద తొడ కొడుతున్న బొమ్మతో టవళ్ళు నేయించి ఊరంతా పంచాడు. నల్ల బట్ట మీద తెల్ల పిల్ల. నేసింది ఎవరనుకున్నారు? అంబాదాసే. కడుపు మండినా చేతిపని చెడగొట్టే మనిషి కాదు మరి.

పొద్దు వాలింది. మైదానం కిక్కిరిసింది. హల్‌గీ డప్పులు దడదడలాడుతున్నాయి. అంతలో పిడుగులాంటి కబురు: కొల్హాపూర్ పిల్లకు మడమ బెణికింది, దిగదట! జనం గోల గోల. మైకులో పిలుపు వినిపించింది.

"హర్షదతోని పట్టేటోళ్ళు ఎవలన్న ఉన్నరా? లేకుంటే గద ఆమెకే!"

ఇక్కడొక కట్టుబాటు ఉంది. సవాలు ఒప్పుకునేవాళ్ళు గోదా అంచున నిలబడి తొడ కొట్టాలి. నోటితో ఎంత అరిచినా చెల్లదు. ఋతుజ ఒక్క ఉదుటున అంచుకు వచ్చి నిలబడింది. చెయ్యి పైకి లేచింది, గాలిలోనే ఆగిపోయింది. తలెత్తి మెట్ల మీద తండ్రిని వెతుక్కుంది.

అంబాదాస్ సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. వద్దంటే బిడ్డకు చివరి కుస్తీ పోతుంది. ఊ అంటే ఈ వేలమంది నోళ్ళలో పడుతుంది. మైకు రెండోసారి పిలిచింది.

పక్కన కూర్చున్న చాయ్ బండి రాజారాం ఊపడానికని సేట్ పంచిన టవల్ విప్పాడు. విప్పి కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇదేంది అంబాదాస్, సేటుకు తెల్వకుండ నీ బిడ్డను గూడ నేసినవా? తొడ కొట్టుడు జూడు, ఎంత పొగరుగున్నదో!"

అంబాదాస్ చూశాడు. తెల్ల బట్ట మీద నల్ల పిల్ల, తొడ మీద చెయ్యి. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. నిజమే, ఇలా కొట్టకూడదు, అనుకున్నాడు. ఆ మరుక్షణమే ఒళ్ళు ఝల్లుమంది. రెండు రంగుల టవల్‌లో ఇటు తెల్లగా ఉన్నది అటు నల్లగా పడుతుంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మగ్గం మీదున్నవాడు, తన చేతి నేతకే మోసపోయాడు!

"ఉల్టా పట్టినవ్ రాజారాం. అది హర్షదనే."

రాజారాం టవల్ తిరగేశాడు. మొహం విప్పారింది.

"అగో, హర్షదనా! మస్తు స్టైల్ ఉన్నది."

అంబాదాస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. రాజారాం మీద కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఊరివాళ్ళ కళ్ళు తన మొహాన పెట్టుకుని ఇన్నాళ్ళూ బిడ్డను చూశాడన్నమాట! లేచి నిలబడ్డాడు. జన్మలో ఏనాడూ చేయని పని చేశాడు. అందరి ముందూ ఫాటుమని తన తొడ తనే కొట్టుకున్నాడు.

"కొట్టు బిడ్డా! ఒట్టు లేదు, గిట్టు లేదు, కొట్టు!"

ఋతుజ కొట్టిన దెబ్బకు హల్‌గీవాళ్ళే ఒక క్షణం తడబడ్డారు. "పొగరు, పొగరు" అని ఒక మూల నుంచి వినబడింది. బీడీలు చుట్టేవాళ్ళ కాలనీ విడీ ఘర్కుల్ నుంచి వచ్చిన ఆడవాళ్ళ మధ్య ఋతుజ తల్లి పార్వతీబాయి మాత్రం గొంతు చించుకుని కేక పెట్టింది.

హర్షద తక్కువదేమీ కాదు. వస్తూనే కాలు అందుకుంది. ఋతుజ ఒరిగింది, మోకాలు మట్టికి తగిలింది. అంబాదాస్‌కు పైప్రాణాలు పైనే పోయాయి. అంతలో ఋతుజ జారుకుని కిందికి దూరి, హర్షదను భుజం మీదికి ఎత్తి, గిర్రున తిప్పి వెల్లకిలా పడేసింది. రెండు భుజాలూ మట్టిని తాకాయి. చిత్!

అంబాదాస్ జనాన్ని తోసుకుంటూ గోదా దగ్గరికి పరుగెత్తాడు. ఆయన చేరేసరికి ఋతుజ రొప్పుతూ, అలవాటు చొప్పున రెండు చేతులూ జోడించబోతోంది. ఆ చేతులు పట్టుకుని విడదీశాడు.

"దండమెందుకు బిడ్డా? గెలిచినవ్, అడుక్కోలే. ఇంకోపారి కొట్టు. ఈపారి నా దిక్కు జూసి గాదు, వాళ్ళ దిక్కు జూసి కొట్టు."