మెట్లు ఆరేదాకా

జనగామలో సత్తమ్మ ఇంటి పైవాటాకు ఎందరో వచ్చారు, ఎందరో ఖాళీ చేసి పోయారు. ఎవరు పోయినా ఆమెకు అన్నం సహించదు. అనిత పోతుందంటే మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయింది. అనిత దవాఖానలో నర్సు. ఘనపూర్‌కు బదిలీ అయింది. పైగా ఏడో నెల. ఒక్క రెండు రోజులు ఆపగలిగితే ఆర్డరు మారకపోతుందా అని సత్తమ్మ ఆశ.

అందుకే సామాను ఎత్తే రోజుకే మొజాయిక్ మెట్లకు పాలిష్ పెట్టించింది. మహబూబాబాద్ దిక్కు తండా మనిషి హీర్యా, విరిగిన అంచులకు పోయిన వారమే రాతి చిప్స్, తెల్ల సిమెంటు నింపి ఆరబెట్టాడు. నిన్నంతా మిషన్ తిప్పాడు. బురద కడిగేసరికి ఏళ్ల మురికి కింది నుంచి ఎర్ర రాళ్లు, నల్ల రాళ్లు నీళ్లలో వేసినట్టు మెరుస్తూ బయటపడ్డాయి. పొద్దున్నే మైనం రుద్ది, "అయిపోయిందవ్వా, ఇగ నడవొచ్చు" అన్నాడు.

"గట్ల అనకు. ఎవరడిగినా ఎల్లుండిదాక కాలు పెట్టొద్దని చెప్పు."

హీర్యా తల గోక్కుని పైకి చూశాడు. పిట్టగోడ మీంచి అనిత తొంగిచూస్తోంది. ఆమెదీ తండానే. ఇద్దరూ తమ లంబాడీ భాషలో రెండు ముక్కలు మాట్లాడుకున్నారు.

"ఏమంటున్నది బిడ్డ?"

"మంచిగ మెరుస్తున్నయట అవ్వా."

మధ్యాహ్నం అనిత మొగుడు బలరాం డీసీఎం వ్యాను తెచ్చాడు. మెట్లెక్కొద్దన్న సంగతి విని గొడవేమీ పెట్టుకోలేదు. పక్కింటి డాబా మీంచి గోడ దూకి పైకి చేరి, సామాను తాడుతో దించడం మొదలుపెట్టాడు. సత్తమ్మ మొహం అటు తిప్పుకుని కూర్చుంది. కూలర్ గోడకు తగిలిన చప్పుడుకు ఇక ఆగలేకపోయింది.

"ఓరి పిలగా, మెల్లగ! ఇంకో చుట్టు తిప్పు తాడు! గా గ్లాసుల పెట్టె అడుగున పెట్టకుండ్రి!"

పొద్దు వాలేసరికి డీసీఎంలో సామానంతా ఆమే దగ్గరుండి సర్దించింది. పైన అనిత ఒక్కతే మిగిలింది. బలరాం తాడునూ పెళ్లాన్నీ మార్చి మార్చి చూశాడు.

"దీన్ని మాత్రం నేను కట్టనవ్వా."

అందరూ నవ్వారు. సత్తమ్మకు నవ్వు రాలేదు. చీకటి పడితే రోడ్డు మీద గుంతలు కనబడవు కదా! ఆ చీకటిని తెస్తున్నది తనే. చెప్పులు విడిచి గబగబా మెట్లెక్కింది.

"దా బిడ్డ. పొద్దుగాలనే ఆరినయి. నేనే అబద్ధం చెప్పిన."

"నాకెరుకే. హీర్యా అన్న అప్పుడే చెప్పిండు."

"మరి దిగకపోతివి?"

"నన్ను ఉంచుకోవాల్నని గింత పని చేస్తివి. ఒక్క పూటన్న ఉందామనుకున్న."

సత్తమ్మ వెనకే మెట్లెక్కి వచ్చిన బలరాం ఎర్రగా కందిన అరచేతులు చాపాడు. "మరి నాకెందుకు చెప్పలేదే! కూలర్ తాడుతోని దించితిని గదనే!"

కింద హీర్యా మిషన్ చాటుకు జరిగాడు.

వారం రోజుల్లో మొదటిసారి సత్తమ్మ నవ్వింది. అనిత చేతులు రెండూ పట్టుకుని, తను వెనక్కి నడుస్తూ ఒక్కో మెట్టే దించింది.

"నువ్వు పడతవవ్వా."

"నా సంగతి నాకెరుక. నువ్వు చూసి అడుగెయ్యి."

ముందు సీట్లో మెత్త వేసి కూర్చోబెట్టి డ్రైవర్‌కు గట్టిగా చెప్పింది. "మెల్లగ పో నాయినా. లోపల ఇద్దరున్నరు."

అతను ఎంత మెల్లగా పోనిచ్చాడంటే, సత్తమ్మ కిటికీ పక్కనే నడుస్తూ, "గదిగో గుంత, జర ఎడమకు తిప్పు" అంటూ మెయిన్ రోడ్డు దాకా సాగనంపింది.