కందిలికి అవతలి పక్క

కురుమయ్య కందిలి గ్లాసులోకి గుడ్డ దోపి, బూడిదతో తిప్పి తిప్పి తుడుస్తున్నాడు. పట్టుకునే తీగకు ఒక పాత పలుపు చుట్టాడు. ఇన్నేళ్లు వేళ్లు కాల్చుకున్నాక ఇవాళే ఆ బుద్ధి పుట్టింది.

నల్లగొండలో పశువులకు టీకామందు చేసే ఆ చిన్న దవాఖానలో అతని కొలువు దీపం పట్టడం. తలుపులు మూసిన గదిలో రఘుపతి డాక్టరు గాజు పళ్లెం ఎత్తితే, దాని వెనక నుంచి వాలుగా వెలుతురు పడేట్టు కందిలి పట్టాలి. కదలకూడదు, దగ్గకూడదు. "మీ ఆయన పట్టపగలు దీపం పడతడట గదా" అని అతని సొంతూరు తిరుమలగిరిలో ఆడవాళ్లు భార్య బిక్షమ్మను ఆటపట్టించేవారు. నవ్వరా మరి! పళ్లెంలో డాక్టరు ఏం వెతుకుతాడో కురుమయ్యకే తెలియదు. దీపం కింద చీకటి అంటారే, అదే.

ఈ ఏడు ఆ గదిలో మాటలు తగ్గాయి. డాక్టరు విత్తనమని పిలిచే పాత క్రిములతో చేసిన మందు గురక రోగాన్ని ఆపడం లేదు. పొద్దున మేసిన బర్రె గొంతు వాచి, గురకపెడుతూ, పొద్దుగూకేసరికి పోతోంది. మొన్న కురుమయ్య బర్రె కూడా అట్లాగే పోయింది. పాతిపెట్టే ముందు, డాక్టరు అడిగాడని, దాని కాలి ఎముక తనే కోసి గుడ్డలో చుట్టి తెచ్చాడు. మెడ పలుపూ వెంట తెచ్చుకున్నాడు. ఇవాళ కందిలికి చుట్టింది అదే. ఊళ్లో తమ్ముడు గుర్వయ్య బర్రెలున్నాయి, ఇంటింటా ఉన్నాయి. వాటిమీదే అతని దిగులంతా.

ఎముకలోని మూలుగను డాక్టరు పళ్లేలలోని రసం మీద గీతలుగా పూసి వెచ్చని అల్మారాలో పెట్టాడు. ఇవాళ వాటిని తీశాడు. మొదటిది చూసి పక్కన పెట్టాడు. రెండోదీ అంతే. కురుమయ్య చేయి లాగుతోంది. ఆఖరి పళ్లెం దగ్గర డాక్టరు ఊపిరి బిగబట్టాడు.

"కురుమయ్యా, కందిలి నాకియ్యి. నువ్వు ఇటు దిక్కు రా."

జంకుతూ వెళ్లి చూశాడు. జున్నులా పేరుకున్న రసం మీద ఆవగింజలంత చుక్కలు. కొన్ని మబ్బుగా ఉన్నాయి. కొన్ని మాత్రం పావురం మెడలా నీలంగా, పచ్చగా, ఎర్రగా మెరుస్తున్నాయి. తల కదిపితే రంగులూ కదిలాయి. కురుమయ్య తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"గిదేనా సాబ్, మా బర్రెను తిన్నది?"

"గిదే. ఒక్కో చుక్కల లెక్కలేనన్ని క్రిములుంటయి. వాటి మీద సన్నటి పొర ఉంటది, గా పొరతోనే గీ మెరుపు. పాత విత్తనానికి పొర ఊడిపోయింది. మెరిసేదాన్నే ఏరి, పెంచి, చంపి, సూదేస్తం. బర్రె ఒళ్లు గా పొరను యాది పెట్టుకుంటది. మల్ల నిజం రోగమొస్తె గుర్తుపట్టి కొడ్తది."

"నోరులేని జీవం, గింత సన్నదాన్ని యాది పెట్టుకుంటదా?"

తన ఇల్లు గుల్ల చేసినది ఇంత అందంగా ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు. తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు.

"ముందుగాల మా ఊరికి పంపుండ్రి సాబ్."

వానలు వెనకపట్టక ముందే తిరుమలగిరికి మందు చేరింది. గుర్వయ్య బర్రెలు నిలిచాయి. కురుమయ్యే నిలవలేదు. చలికాలంలో జ్వరమని ఇంటికెళ్లి, మళ్లీ రాలేదు.

దినాలయ్యాక బిక్షమ్మ వచ్చింది. "గా రంగులు జర సూపిస్తరా సాబ్? పోయేదాంక గదే ముచ్చట."

డాక్టరే కందిలి పట్టాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లార్పకుండా చూసింది. తర్వాత కందిలి తీగను వేలితో తడిమింది.

"మా బర్రె పలుపు."

"తీస్కపోమ్మా" అని డాక్టరు ముడి విప్పబోయాడు.

"వద్దు సాబ్, ఉండనియ్యుండ్రి. పట్టేటోళ్ల చెయ్యి కాలుతది."

ఆమె వెళ్లాక కందిలి మళ్లీ మేకుకెక్కింది, బర్రె మెడ రాపిడికి నున్నబడ్డ ఆ పలుపుతోనే.