అన్నీ తనే చేసుకుంటుంది

మొన్న సూపులోకి గూర్గన్ అనే పెద్ద చిక్కుడుకాయలు ఒలవడానికి కూర్చుని గంటయినా గీలెన్‌కు సగం కూడా కాలేదు. ఒకప్పుడు పావుగంట పని. ఇప్పుడు ఒక చేయి కాయను పట్టుకుంటే రెండోది ఎటో పోతుంది. గింజలు నేల మీద దొర్లుతాయి, వాటికోసం వంగితే గోడ పట్టుకోవాలి. అమ్మవైపూ నాన్నవైపూ కూడా ఉండి వచ్చిన జబ్బిది. తమ్ముడికీ ఉంది. కాకపోతే వాడికి మాంసం ముక్కలు కోసి పెట్టడానికి, బొత్తాలు పెట్టడానికి మరదలుంది. వాడిని చూసి వాళ్ల ఊరు సాగ్నేలో అందరూ అయ్యో అంటారు. గీలెన్‌ని చూసి "గట్టి మనిషి" అంటారు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఈ జబ్బు ఎవరికి ఎంత ముదిరిందో కొలిచే కొత్త పట్టిక ఒకటి ఆసుపత్రివాళ్లు తయారుచేశారు. అది సరిగ్గా కొలుస్తోందో లేదో తేల్చుకోవడానికి ఆమెనూ తమ్ముణ్నీ రెండు వారాల తేడాతో రెండుసార్లు రమ్మన్నారు. మొదటిసారి నడిపించారు, వేలితో ముక్కు తాకమన్నారు, ఆఖర్న ఇంటిపనుల గురించి అడిగారు. సున్నా అంటే సాయం అక్కర్లేదు, నాలుగంటే మనిషి లేనిదే గడవదు. ఫిజియోథెరపిస్టు మరీజ్ ప్రశ్న పూర్తిచేయకముందే భర్త రేజాన్ అందుకున్నాడు.

"అన్నీ తనే చేసుకుంటుందండీ. నేనసలు వేలు పెట్టను!"

ఎంత గర్వమో! మరీజ్ సున్నా వేసింది. తమ్ముడికి మూడు పడింది. నడకలో మాత్రం అక్కాతమ్ముళ్లిద్దరిదీ ఒకే తూలుడు.

ఇవాళ రెండోసారి. "పోయినసారి చెప్పినట్టే చెప్పు. మంచి మార్కులొచ్చాయి, చెడగొట్టుకోకు," అన్నాడు రేజాన్ కారులో. మార్కులట! పొద్దున ఏడు బొత్తాలు పెట్టుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మొన్న సూపు ఒలికి చేయి కాలితే "చూసుకోవద్దూ" అన్నాడే తప్ప గరిటె అందుకోలేదు. "మావాడు అదృష్టవంతుడు, ఇల్లు అద్దంలా ఉంటుంది," అని అత్తగారు ఊరంతా చెప్పుకుంటుంది. ఆ అద్దం తుడిచేటప్పుడు తనెన్నిసార్లు పడిందో ఏ గడిలో రాస్తారు? దారంతా ఆమెకు కుదురు లేదు. సీటు బెల్టు లాగుతూనే ఉంది.

"వంటపనిలో సాయం అవసరమవుతుందా?" అడిగింది మరీజ్.

రేజాన్ నోరు తెరిచాడు. గీలెన్ చేయెత్తి ఆపింది. చేయి వణికింది. వణకనీ, అనుకుంది.

"ఈసారి నేను చెప్తాను. పోయినసారిదానికీ దీనికీ పొంతన కుదరదు. మీ లెక్క తప్పుతుందేమో?"

"తప్పితే కొలతది తప్పండీ, మీది కాదు. అది తెలుసుకోవడానికేగా మళ్లీ పిలిచింది."

"అయితే రాసుకోండి. అవసరం మొదట్నించీ ఉంది. లేనిది చేసేవాళ్లే."

మరీజ్ కలం గడుల మీద ఆగిపోయింది. రేజాన్ ముఖం కందింది.

"అదేంటే, అడిగితే చెయ్యనా?"

గీలెన్ అతని వైపు తిరిగింది.

"ఈవిడ రెండు వారాల్లో రెండుసార్లు అడిగింది, రేజాన్. ఇరవై రెండేళ్ల కాపురంలో నువ్వొక్కసారి అడిగావా?"